ఊరికే కాలే కరెంటు

కరుణకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను చూడని ఒక్క నిమిషంలో ఎవడో వచ్చి పాపను ఎత్తుకుపోతాడని.

అందుకే ఆ రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి, మేడ మీద గదిలో ఉండే చంద్రయ్య తన ఇంట్లో కనపడగానే కెవ్వుమని అరిచింది.

ఆయన సెక్యూరిటీ డ్రెస్సులోనే టీవీ దగ్గర వంగి ఉన్నాడు. మూడేళ్ల షారోన్ పక్కన నిలబడి చూస్తోంది.

“భయపడకు బిడ్డా. పాపనే తలుపు తీసింది. ఈ టీవీ కింది సెట్‌టాప్ డబ్బా ప్లగ్గు పీకి పోదామని...”

“మా ఇంట్లో ప్లగ్గులు పీకడానికి మీరెవరండీ? ముందు బయటికి నడవండి!”

చంద్రయ్య తలవంచుకుని వెళ్లిపోయాడు.

ఖాజాగూడలోని ఆ బిల్డింగులో ఇది రోజూ ఉండే గొడవే. కరెంటు పోయినా ఆరు ఇళ్లకూ ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక ప్లగ్గు నడుస్తాయి. పైన ఇన్వర్టర్ ఉంది. అందుకే ఓనరు కిష్టయ్య మంచివాడని అందరూ అనుకుంటారు.

చంద్రయ్య మాత్రం రాయదుర్గంలో డ్యూటీకి బయల్దేరే ముందు ప్రతి గడపా ఎక్కుతాడు.

“ప్లగ్గులు పీకిండ్రా? నేను లేనప్పుడు కరెంటు పోతే బ్యాటరీ దిగిపోతది. ఫ్యాను తిప్పుకోండ్రి, వద్దంటలేను. ఊరికే కాలేటివి పీకుండ్రి.”

రెండో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ శ్యామ్ నవ్వేవాడు.

“చాదస్తం తాతగారూ. ఆపేసిన టీవీ తినేది అర వాటు. అంతే.”

“ఒక్కింట్లదైతే ఏం లేదు సారూ. ఆరిండ్లయి కలిస్తె శానైతది. టీవీ డబ్బాలు, వైఫైలు, కంప్యూటర్లు...”

“ఆ మిగిలింది ఏం చేసుకుంటారు? గోనెసంచిలో కట్టుకుని దాచుకుంటారా?”

మెట్ల మీద అందరూ నవ్వారు. కరుణ కూడా నవ్వింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆమెకు ఈ వాట్ల సంగతి తెలియదు. శ్యామ్ చదువుకున్నవాడు, చెప్తే నిజమే అయ్యుంటుంది.

“మనల్ని పీకమంటాడా, ఆయన గదిలో ఫ్రిజ్జు మాత్రం ఇరవైనాలుగు గంటలూ గుర్రుమంటూనే ఉంటుందండీ. బట్టలారేయడానికి వెళ్లినప్పుడల్లా వింటున్నాను” అంది.

ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. లోపల ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

ఈసారి ఇంట్లోకే వచ్చేసరికి కరుణ ఊరుకోలేదు. కిష్టయ్యకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి చంద్రయ్యను మెట్ల దగ్గరే నిలబెట్టి అరిచాడు.

“ఏందయ్యా, ఆడపిల్లలున్న ఇండ్లల్ల నీకేం పని? ఇంకోసారి ఎవరి గడపన్న తొక్కినవో, సామాను రోడ్డు మీదుంటది!”

“అట్లనే పటేలా. ఇగ తొక్క.”

చంద్రయ్య చేతులు జోడించాడు. వెళ్తూ వెళ్తూ కరుణ వైపు తిరిగాడు.

“నేను రాను బిడ్డా. నువ్వే జర యాది పెట్టుకొని పీకు.”

కరుణ ముఖం తిప్పుకుంది.

నాలుగు రోజుల తర్వాత పొద్దున పదకొండు గంటలకు గాలివాన. ఎక్కడో తీగలు తెగాయి. కరెంటు పోయింది.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. శ్యామ్ ఇంట్లో రెండు స్క్రీన్లు వెలుగుతున్నాయి. కరుణ ఇంట్లో ఎవరూ చూడని టీవీ కింద డబ్బా ఎర్రగా వెలుగుతోంది. ఎవరూ ఏదీ పీకలేదు.

ఎప్పుడూ సాయంత్రం దాకా వచ్చే ఇన్వర్టర్ మధ్యాహ్నం రెండింటికే ఆగిపోయింది.

మూడున్నరకు చంద్రయ్య నిలువెల్లా తడిసి, చెప్పులు చేత పట్టుకుని మెట్ల మీద పరిగెత్తాడు. రోడ్లన్నీ నీళ్లు. రాయదుర్గం నుంచి నడిచే వచ్చాడు.

తర్వాత పైనుంచి కేక వినిపించింది.

అందరూ వెళ్లారు. మంచం మీద బక్కచిక్కిన ఆడమనిషి. ముక్కులో సన్నటి గొట్టం. గొట్టం రెండో కొస మంచం పక్కనున్న పెట్టెకు తగిలించి ఉంది. అది ఫ్రిజ్జు కాదు. ఊపిరి అందనివాళ్లకు ఆక్సిజన్ ఇచ్చే మిషను. అది గుర్రుమనడం లేదు.

“చెన్నమ్మా... ఓ చెన్నమ్మా...”

చంద్రయ్య భార్య అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు.

కబురందుకుని వచ్చిన కిష్టయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఇంత రోగమని ముందుగాల ఎందుకు చెప్పలే?”

“చెప్తే ఇల్లిస్తుండెనా పటేలా?”

కిష్టయ్య వాచీ చూసుకున్నాడు. “పీనుగ నా ఇంట్ల ఉండొద్దు. చీకటి పడకముందే తీసెయ్యి” అన్నాడు.

శవాన్ని తీసుకెళ్లే వ్యాను వచ్చింది. కరుణ గుమ్మం ముందు నుంచే చెన్నమ్మను దించారు.

వారం తిరగకముందే మళ్లీ కరెంటు పోయింది. ఈసారి ఫ్యాను తిరగలేదు. షారోన్ చెమటలు కక్కుతూ ఏడుస్తోంది. కరుణ కిష్టయ్యకు ఫోన్ చేసింది.

“ఇన్వర్టర్ చెడిపోయిందండీ. పాప ఉక్కకు తట్టుకోలేకపోతోంది. ఎవరినైనా పంపించండి.”

“నా ఇన్వర్టర్ ఏడిది తల్లీ? అది చంద్రయ్యది. వ్యాను కిరాయికి అమ్ముకున్నడు.”

“చంద్రయ్యదా?”

“తన ఒక్క గది మందమే పెట్టుకుంటనని అడిగిండు. పోయిన ఎండకాలం నీ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఆగలేక, నన్నడిగి, తనే వైరు కిందికి గుంజి ఆరిండ్లకిచ్చిండు. నీకు చెప్పలేదా?”

చంద్రయ్య గది ఖాళీ చేసి ఎక్కడికి వెళ్లాడో ఆ బిల్డింగులో ఎవరికీ తెలియదు. మీరు రాయదుర్గం వైపు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లయితే, గేటు దగ్గర కార్డు చూపించి వెళ్లిపోకుండా ఒక్క నిమిషం ఆగి, అక్కడున్న ముసలి సెక్యూరిటీ పేరు అడగండి. చంద్రయ్య అని చెబితే, అన్నం తిన్నాడో లేదో కూడా అడగండి.