పట్టిన కాలం

'స' అక్షరం మొత్తం ఒక్క కార్డు దగ్గర ఆగిపోయింది. ఆ కార్డు మీది మాట 'సెకండ్'.

మన నోట్లో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటలకు నిఘంటువు తయారుచేసే ఆఫీసు అది. మాటకో కార్డు. అక్కడ కార్డులు రాసే మాస్టారు ఈ మాట పుట్టుక, అర్థం ఎప్పుడో రాసేశారు. గంటను ఒకసారి చిన్న ముక్కలు చేస్తే మినిట్, ఆ ముక్కల్ని రెండోసారి ముక్కలు చేస్తే సెకండ్. లాటిన్‌లో 'రెండోది' అనే మాట నుంచి వచ్చింది. అర్థం: నిమిషంలో అరవయ్యో వంతు. వాడుకలో, కాసేపు.

మిగిలింది ఉదాహరణ. తంటా అంతా అక్కడే. ఆ ఆఫీసులో ఉదాహరణ కల్పించి రాయకూడదు. ఎవరో నిజంగా అన్న మాటై ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎవరితో అన్నారో గడులన్నీ నింపాలి. కాలాన్ని చెప్పే మాటలకైతే అడుగున ఇంకో గడి ఉంటుంది: పట్టిన కాలం. 'ఇప్పుడే' అన్న మనిషి ఎంతసేపటికి వచ్చాడో అదీ రాయాలన్నమాట!

మాస్టారి భార్య పోయి ఇరవై మూడు రోజులు. సుఖంగా వెళ్లిపోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు అన్నారంతా. వారం తిరక్కుండానే ఆయన ఆఫీసుకొచ్చేశారు. ఏడవలేదు. టీ ఇస్తే చల్లారిపోయాక తాగుతున్నారు. సాయంత్రం సంచీలో కార్డులు వేసుకుని ఇంటికి పట్టుకుపోయే అలవాటు మానేశారు. ఎవరైనా పిలిస్తే పెన్నుకు మూతైనా పెట్టకుండా లేచి వెళ్లిపోతున్నారు. పాపం, మనిషి మనిషిలో లేరు అనుకుంది ప్రూఫ్‌రీడర్. పదేళ్లుగా ఆయన ఎదురు బల్ల ఆమెదే.

"మాస్టారూ, నాలుగింటికి కార్డు ప్రెస్సుకు అందకపోతే మిమ్మల్ని ఇక ఇంటి దగ్గరే ఉండమంటారట ఆఫీసు పెద్దాయన," అంది.

ఆయన మొహంలో ఇన్నాళ్లకు ఏదో కదిలింది.

"ఇంటి దగ్గరా? వద్దమ్మాయ్. అక్కడ ఉండలేను."

"మరి రాసి పారెయ్యండి. ఎక్కడో వెతకడమెందుకు, మీ ఇంట్లో పిన్నిగారి మాట లేదూ! 'ఒక్క సెకండ్, తయారై వచ్చేస్తా' అని గంటన్నర కూర్చోబెట్టారు నన్ను. మనం సినిమా హాలుకు వెళ్లేసరికి ఇంటర్వెల్!"

నవ్వబోయి నాలుక కరుచుకుంది.

"ఒక్కటి రాయండి మాస్టారూ. ఆవిడ ఈ పుస్తకంలో ఉండిపోతారు."

ఆయన కార్డు ముందుకు లాక్కున్నారు.

"మా ఇంట్లో ఆ మాట ఆఖరిసారి వినపడ్డది రాస్తాను," అన్నారు. "టైముతో సహా గుర్తున్నది అదొక్కటే."

ప్రూఫ్‌రీడర్‌కు పిన్నిగారు కళ్లముందు మెదిలారు. ఏ తలుపు చాటునుంచో, జుట్టు ముడేసుకుంటూ, నవ్వుతూ అని ఉంటుంది ఆ మహాతల్లి.

ఆయన రాశారు. గడి తర్వాత గడి నింపి, సిరా ఆరేదాకా ఊది, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చారు. అంతలో గుమ్మంలోంచి ప్యూన్ "మాస్టారూ!" అన్నాడు. పెన్ను అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయారు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. తప్పులు చూడటం ఆమె ఉద్యోగం. ప్రెస్సు మెట్ల దగ్గర ఆగి కార్డు చదివింది.

ఉదాహరణ: "ఒక్క సెకండ్, వచ్చేస్తున్నా." తేదీ, పిన్నిగారు పోయిన రోజుదే. స్థలం, ఇల్లు. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఆమె కళ్లు తుడుచుకుని కింది గడులు చూసింది.

అన్నది ఎవరు: ఈ కార్డు రాస్తున్నవాడు, చేతిలో కార్డుల మీంచి తలెత్తకుండా. ఎవరితో: గుండెల్లో నొప్పిగా ఉందని పక్కగదిలోంచి పిలిచిన భార్యతో. పట్టిన కాలం: నలభై నిమిషాలు.