ఎడమకు గుంజే కారు

కృష్ణకాంత్ పాత కారు కొని వారమైంది. స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, ఎడమకు గుంజుతోంది.

మర్నాడు భార్యను, ఆరు నెలల పాపను అందులోనే ఆలంపూర్ జోగులాంబ గుడికి తీసుకుపోవాలి.

అందుకే ఫోన్లో వీడియో చూస్తూ, నాయిన మగ్గం నూలు కారు పక్కన తిన్నగా బిగించి, దానికీ చక్రాలకీ మధ్య దూరం కొలుస్తూ, ముందు చక్రాల అలైన్‌మెంట్ తనే సరిచేయబోయాడు.

"జాకీ దించంగనే కొలుస్తె తప్పొస్తది బిడ్డా. బండిని జర ముందుకు ఎన్కకు తొయ్యి. చక్రాలు కుదురుకున్నంక కొలువు."

గేటు దగ్గర ఎవరో ముసలాయన. చేతిలో గుడ్డసంచి.

"నువ్వు కారెన్నడన్న తోలినవా?"

"లేదు బిడ్డా. మగ్గం నేసెటోన్ని."

"మరి పోయి మగ్గం నేసుకో!"

తనూ నేతగాడి కొడుకేనన్న సంగతి కృష్ణకాంత్‌కు ఆ నిమిషం గుర్తు రాలేదు.

ముసలాయన కదల్లేదు. కారు వెనక సీటులోకి తొంగి చూశాడు.

"ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

కృష్ణకాంత్ చప్పున లేచి నిలబడ్డాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లో ఒకటే మెసేజీలు.

"పిల్లల సంగతి నీకెందుకు? సంచిల ఏమున్నదో చూపియ్!"

వాడకట్టంతా చూస్తుండగా సంచి లాక్కుని దులిపాడు.

రెండు జొన్నరొట్టెలు మట్టిలో పడ్డాయి.

ముసలాయన వాటిని ఏరి, తువ్వాలతో తుడుచుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

కాసేపటికి కృష్ణకాంత్ ఎందుకైనా మంచిదని బండిని ముందుకూ వెనక్కూ తోసి మళ్లీ కొలిచాడు. బొటనవేలి మందం తేడా! కింద రాడ్డు తిప్పి సరిచేసి రోడ్డెక్కించాడు. స్టీరింగ్ వదిలినా కారు తిన్నగా పోయింది.

"గా తాతకు మంచినీళ్లన్న ఇయ్యకపోతిమి," అంది భార్య ప్రవళిక.

సిగ్గుతో చచ్చిపోయాడు. మోత్కూరు బస్టాండంతా వెతికాడు. ఆ తాత ఎక్కిన తిరుమలగిరి బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు.

అంతలో ఫోన్. కారు అమ్మిపెట్టిన పరశురాం.

"అన్నా, గాలయ్య అని ఒక పెద్దమనిషి వచ్చిండా? కారు ఎవరు కొన్నరో చెప్పుమని మూడు దినాలసంది నా యెంబడి పడ్డడు. నేనే నీ ఇల్లు చెప్పిన."

"వచ్చిండు. ఎవరాయన?"



"గా కారు ఆయన కొడుకుదే అన్నా. పోయినేడు ఎడమకు గుంజి కల్వర్టుకు గుద్దుకున్ననాడు, ఎన్క సీట్ల ఆయన మనుమడు సుత ఉండె."