మలుపులో అరుగు

దిగువ మలుపులో ఎవడో టీ కొట్టు లేపుతున్నాడట.

పక్కింటి సెల్దోన్‌కి ఆ కబురు నీటి మర దగ్గర పిండి పట్టించుకుంటుంటే తోటికోడలు చెప్పింది. తోటికోడలికి గడ్డి కోసుకొచ్చే మరదలు చెప్పింది. అది బుద్ధిమాయ చెవిన పడేసరికి కొట్టుకి రేకుల కప్పు పడింది, లోపల బీరు సీసాలు కూడా పేర్చేశారు.

"నువ్వు చూశావా అక్కా?" అంది బుద్ధిమాయ.

"చూడ్డమెందుకే? రాళ్ళు పేరుస్తున్నాడట. ఊరికే పేరుస్తారా ఎవరైనా?"

బుద్ధిమాయ చేతిలోని ఆలుగడ్డని బుట్టలోకి విసిరి లేచింది.

కొండెక్కి ఊళ్ళోకి వచ్చే బాటలో మొదటి ఇల్లు ఆమెదే. ట్రెక్కింగుకొచ్చే తెల్లవాళ్ళు ఆ ఎక్కుడికి నాలుక బయటపెట్టి, ముందు కనబడ్డ వాకిట్లోనే మూటలు దించుతారు. అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. నగిషీ కిటికీల ఇళ్ళు ఊరి నడుమ ఉన్నాయి గానీ, అక్కడిదాకా నడిచే ఓపిక ఎవరికి? వాళ్ళ ఆయాసమే బుద్ధిమాయ పెట్టుబడి.

మలుపులో కూర్చునే చోటు దొరికిందా, ఆ ఆయాసం అక్కడే తీరిపోతుంది.

దిగి వెళ్ళి చూసింది. ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి పలకరాళ్ళు సరిచూసుకుంటున్నాడు. చూస్తే తమ తామాంగు తెగ మనిషే, ఊరు మాత్రం ఇది కాదు. ఆమెని చూడగానే లేచి టోపీ తీశాడు.

"ఏం కడుతున్నావు?"

"అరుగు వదినా. ఎక్కి వచ్చేవాళ్ళు కాస్త కూర్చోడానికి."

"వదినేంటి? నా మొగుడికి తమ్ముళ్ళు లేరు."

అతను వంగి ఇంకో రాయి అందుకున్నాడు.

"కూర్చున్నవాడు నీళ్ళడుగుతాడు. నీళ్ళిచ్చినవాడు టీ పెడతాడు. టీ పెట్టినవాడు పక్కేస్తాడు. పైనున్న మేం గాలి మేసి బతకాలా?"

"టీ గీ ఏం లేదు వదినా. ఉత్త అరుగే."

"అందరూ ముందు అరుగే అంటారు!"

సాయంత్రం అతను దిగువ ఊరికి వెళ్ళిపోయాక, బుద్ధిమాయ మళ్ళీ దిగొచ్చి ఆ రాళ్ళన్నీ లోయలోకి దొర్లించింది.

ఆమెకి ఈ ఏడు అతిథులు రావాలి. వచ్చి తీరాలి. మొగుడు కర్సాంగ్ మలేసియాకి పనికెళ్ళి, అక్కడ పునాది గొయ్యి కూలి మీద పడి చనిపోయాడు. పెట్టెలో వచ్చిన మనిషికి కర్మకాండ లోటు లేకుండా చేయించింది. పోయినవాడి పేరున బాట పక్కన రాతి అరుగు కట్టించడం మాత్రం మిగిలిపోయింది. దాని మీద ఎవరు బరువు దించుకున్నా ఆ పుణ్యం పోయినవాడిది. పెళ్ళామో, కొడుకులో, అన్నదమ్ములో కట్టాలి. ఆమె తప్ప కర్సాంగ్‌కి ఎవరూ లేరు. ఈ ఏడాది రాబడితో కట్టి తీరతానని ఆమె పంతం.

మర్నాడు అతను మళ్ళీ రాళ్ళు మోసుకొచ్చాడు. ఎవరు పడేశారని అడగలేదు. మళ్ళీ పేర్చాడు.

ఆమె మళ్ళీ పడేసింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెస్తున్నావే," అంది సెల్దోన్. "పెద్దమనుషులకి చెప్పి వాణ్ణి పంపించెయ్యరాదూ?"

"వాణ్ణి పేర్చనీ అక్కా, నేను తోస్తా. ముందు ఎవరి నడుం విరుగుతుందో చూద్దాం."

ఒకరోజు అతను ఇంకా వెళ్ళకముందే ఆమె దిగింది. అతను చేతులు దులుపుకుని పక్కకి తప్పుకున్నాడు.

"అడుగు రాళ్ళు మీరు తొయ్యకండి వదినా. బరువు. నడుం పట్టేస్తుంది."

ఎంత ఎకసెక్కెం! అతని కళ్ళముందే అడుగు రాళ్ళు కూడా పెకలించింది. రెండు గోళ్ళు చీలాయి. అతను చూస్తూ నిలబడి, టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

మళ్ళీ రాలేదు.

"తోక ముడిచాడే!" అంటూ సెల్దోన్ సారా సీసా పట్టుకొచ్చింది. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని, నవ్వుకుంటూ తాగారు.

పౌర్ణమి పొద్దున దిగువ ఊరి గ్యాల్బో లామా పూజ జెండాల మూట చంకన పెట్టుకుని ఎక్కి వచ్చాడు. బుద్ధిమాయ వాకిట్లో ఊపిరి తీసుకున్నాడు.

"అరుగు ఏదమ్మా? పూజకి రమ్మన్నారు. మలుపులో చూస్తే గుంట తప్ప ఏమీ లేదు!"

"ఏ అరుగు లామా తాతా?"

"కర్సాంగ్ పేరున కట్టేది. రాళ్ళు పేర్చే ఆ కుర్రాడు మా ఇంట్లోనే కదా పడుకున్నది! సెలవంతా దీనికే పెట్టాడు. సెలవు అయిపోయింది, మలేసియాకి విమానం ఎక్కేశాడు. మరి అరుగో అంటే, మిగతాది వదిన చూసుకుంటుంది అన్నాడు."

బుద్ధిమాయ చేతిలోని చీపురు అవతల పారేసింది.

"నా మొగుడి పేరున కట్టడానికి వాడెవడు తాతా?" ఆమె గొంతు లేచింది. "అన్నిసార్లు తోశానే! ఒక్క మాట చెప్తే ఏం పోయింది? నోరు లేదా వాడికి?"

లామా జెండాల మూట కింద పెట్టాడు.

"గొయ్యి కూలుతుంటే నీ మొగుడు బయటికి తోసిన మనిషే వాడు. ఆయన పోయాడు, నేను మిగిలానని నీ మొహం మీద చెప్పడానికి ఏ నోరు సరిపోతుందే?"