ముళ్లపంది బొరియలో నిప్పు

"ఎండు గడ్డిలో ఎర్ర పువ్వు, ఎవరు కోస్తారే..." తర్వాతి చరణం గుర్తురాక ముసలి పూరేడుపిట్ట అంతవరకే పాడుకుంటూ గుడ్లు పొదుగుతోంది.

ఏనుగు దడదడా వచ్చింది. "ముళ్లపంది బొరియలో నిప్పు దాచిందట. తొక్కేసి వస్తా, తప్పుకో!"

"తొక్కితే నిప్పు చెదురుతుంది మామా. గడ్డంతా అంటుకుంటుంది. ఒక్కపూట ఆగు," అంది పిట్ట.

గుప్పెడు పిట్టకి గంపెడు గుండె! గుడ్లన్నీ ఒక్కొక్కటే దొర్లించుకుంటూ పోయి బొరియ వాకిట్లో కూర్చుంది.

"ఏనుగు తొక్కినా, నీ నిప్పు రేగినా ముందు పోయేవి ఇవే నాయనా. ఇక నీ ఇష్టం."

ముళ్లపంది చాలాసేపు గుడ్లనే చూసింది. "ఏనుగింట్లో కుంపటి ఉందిగా, ఆ భయంతోనే తెచ్చుకున్నా," అని గొణిగి, నిప్పును వాగులో ముంచి వచ్చింది.

"ఇక లే అవ్వా. గుడ్లు నేను మోస్తా, ఏనుగింటి కుంపటి దగ్గర కూడా ఇలాగే కూర్చుందువుగాని పద."