ఇంకా ఇంత

"ఛీ! ఇప్పుడే ఉతికి ఆరేసిన దుప్పట్లు! మళ్ళీ ఆముదం చిమ్మించారా?"

ఇల్లాలు ముక్కు మూసుకుని అరిచినా, పెరట్లో బొమ్మ విమానం ఇంజిన్‌ని బల్లకి బిగించుకుని కూర్చున్న మొగుడు తల తిప్పలేదు. ఇంజిన్ తాగే ఇంధనంలో ఆముదం కలుపుతాడు. గాలి పీల్చే రంధ్రంలోంచి అది వెనక్కి ఉమ్ముతుంది. ఆ జిడ్డు కన్నా, పిలిస్తే పలకని ఈ మనిషి పొగరే ఆమెకి ఎక్కువ రోత.

ఆ ఉమ్మడం ఆపేందుకు రంధ్రానికి తొడగాలని అల్యూమినియం గొట్టాన్ని గరాటు మూతిలా విప్పార్చి, సరైన పొడవు మోతని బట్టి తెలుస్తుందని పొద్దుట్నుంచీ కోసి కోసి చూస్తున్నాడు. ఇంజిన్ ఆపి, గొట్టం పీకి విసిరేశాడు.

"దరిద్రపు గొట్టం! ఎంత కోసినా మోత మారదే!"

ఆమె విస్తుపోయింది. "మారకపోవడమేంటండీ? పొద్దున బొంగురుగా ఉంది, ఇప్పుడు ఈల వేసినట్టు కీచుమంటోంది. నా చెవులు చిల్లులు పడ్డాయి!"

"ఆఁ?" అన్నాడు, ఆమె పెదాల వంక చూస్తూ.

ఆమె మెల్లగా అతని వెనక్కి నడిచింది. "ఏమండోయ్, పాము!" అంది, గట్టిగానే.

అతను ఇంకో గొట్టం అందుకుని, తీరిగ్గా ఆకురాయితో అరగదీస్తున్నాడు.

ఆమె ముక్కు మీంచి చెయ్యి తీసేసింది. అతని ఎదురుగా జిడ్డు నేల మీదే కూలబడి, ఇంజిన్ తిప్పమని సైగ చేసింది. అతను గొట్టం తొడిగి తిప్పాడు. ఆముదం ఆమె చెంప మీద చిమ్మింది.

"యాక్!" అని తుడుచుకుని, చెవి ఒగ్గి వింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి అతని కళ్ళ ముందు చూపించింది.

"ఇంకా ఇంత కొయ్యండి."