మూడు మెట్లు కింద

పెడల్ లేకపోతే ఆదివారం చర్చిలో గిటార్ ముట్టుకోనని నా మనవరాలు కెజియా మొండికేసింది. మా చర్చిలో గిటార్ వాయించేది అదొక్కతే. ధర్మవరంలో రెండు దుకాణాలు, పెనుకొండలో ఒకటి తిరిగి, చివరికి హిందూపురంలో ఈ దుకాణానికి వచ్చాం.

కాలితో నొక్కితే గిటార్ శ్రుతిని మార్చే పెట్టె అది. కొత్తది పదకొండు వేలు. ఇక్కడున్న పాతది మూడు వేల రెండు వందలు.

"శ్రుతి మార్చుకునేదానికి నీకు చేతులు లేవా?" అన్నాను.

"ఒక్క పాట కోసం తీగలన్నీ వదులు చేసి, మళ్లీ బిగించాల. అంతసేపు పాస్టరు ఊరుకుంటాడా అవ్వా?"

"రైలుకు నలభై నిమిషాలే ఉండాయి. తొందరగా చూడు."

కెజియా పెడల్ నొక్కి వాయించింది. ప్రతి ఆదివారం నేను ముందుగా ఎత్తుకునే పాటే. కానీ మూడు మెట్లు కిందికి దిగి వినిపించింది.

"ఏమే, పాటను గోతిలోకి దింపినావు?"

"తిట్టేది తర్వాత. పాడు."

"ఈడనా?"

"ఈడనే."

దుకాణదారు నవ్వాడు. దాని తప్పు దానికి చూపిద్దామనే పాట ఎత్తుకున్నాను. చరణంలో రాగం పైకి లేచే చోటు వచ్చింది. ఈసారి నా గొంతు జీరపోలేదు. ఊపిరి కోసం ఆగలేదు. చివరిదాకా నేనొక్కదాన్నే పాడాను.

కెజియా నా వైపు చూడకుండా తీగలు తుడుస్తూ కూర్చుంది.

ఏడాదిగా సరిగ్గా ఆ చోటు రాగానే సంఘమంతా గట్టిగా నాతో గొంతు కలుపుతోంది. వాళ్లలో భక్తి పెరిగిందని సంతోషిస్తూ వచ్చాను.