ఐదు నిమిషాల నెట్

కాలింగ్ బెల్ మోగగానే ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

పొద్దుటినుంచీ హాల్లో రౌటర్ పక్కన కుర్చీ వేసుకుని, నిధిని కాచే పాములా కూర్చుంది. టీవీ వైరు పీకేసింది. భర్త ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన చదివేసిన పేపరే మళ్లీ మొదటినుంచి చదువుకుంటున్నాడు.

లోపల గదిలో కూతురు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉంది. పదకొండుకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇదే ఆఖరి మెట్టు.

పోయిన నెల ఇలాంటిదే ఒకటి చేజారింది. సరిగ్గా జవాబు చెబుతుండగా నెట్ ఆగి, పిల్ల తెర మీద నోరు తెరుచుకుని బొమ్మలా బిగుసుకుపోయింది.

ఆవిడ తలుపు తీసింది.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఓ మనిషి. గడ్డం సగం నెరిసింది.

"ఆంటీ..."

అక్కడే సగం మండింది ఆవిడకు.

"కింది ఫ్లాట్లోకి ఇవాళే దిగామండీ. కొత్త రౌటర్ పెట్టాను. దాని సాఫ్ట్‌వేర్ నెట్‌లోంచి దించుకుంటేగానీ పనిచేయదట. దించుకుందామంటే నెట్ లేదు."

"అంటే, నెట్ రావాలంటే ముందు నెట్ కావాలా?"

"అంతేనండీ! ఫోన్లో చూద్దామంటే ఈ బిల్డింగ్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా నిలబడట్లేదు. ఐదు నిమిషాలు మీ వైఫై ఇస్తే..."

"కింది ఫ్లాటేగా? ఇదివరకున్నవాళ్లూ ఐదు నిమిషాలనే అడిగారు. పాస్‌వర్డ్ పుచ్చుకుని, ఇల్లు ఖాళీ చేసేదాకా ఇంటిల్లిపాదీ సినిమాలు చూశారు. మా నెట్టంతా వాళ్లే తాగేశారు!"

"వాళ్లెవరో నాకు తెలీదండీ. ఆఫీసు పని, చాలా అర్జెంటు."

"మాదేమన్నా కాలక్షేపమా?"

"పాస్‌వర్డ్ నాకు చెప్పకండి, మీరే కొట్టండి. ఇలా గుమ్మంలోనే నిలబడి..."

"ముందు నిలబడతావు, తర్వాత కూర్చుంటావు, ఆ తర్వాత కాఫీ అడుగుతావు. గడ్డం నెరిసింది, ఇల్లు మారేముందు ఇవన్నీ చూసుకోవాలని తెలీదూ? పైగా నేను ఆంటీనట!"

భర్త పేపరు కాస్త దించాడు. "ఐదు నిమిషాలేగా, పోనీ..."

"మీరు పేపరు ఎత్తండి!"

పేపరు లేచింది. తలుపు ధడాలున పడింది. అవతల ఆ మనిషి మెట్లు దిగి పరిగెత్తిన చప్పుడు.

పదకొండు దాటింది. రౌటర్ మీద పచ్చ దీపాలు నిశ్చింతగా వెలుగుతున్నాయి. ఆవిడ కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చుంది.

కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. కూతురి మొహం కందగడ్డలా ఉంది.

"ఏమే, మళ్లీ నెట్ పోయిందా?"

"నెట్ నిక్షేపంలా ఉంది. ఇంటర్వ్యూ చేయాల్సిన ఆయనే రాలేదు. ఆఫీసమ్మాయి వచ్చి సారీ చెప్పింది. ఇవాళే ఆఖరట, నిన్న మాట్లాడిన వాళ్లలో ఒకర్ని తీసేసుకుంటారట."

ఆవిడకు నషాళానికి అంటింది.

"రాకపోవడానికి ఏం రోగం వాడికి? పిల్లల బతుకులంటే ఆటలుగా ఉందా!"

"ఆయన్నేం అనకమ్మా. సిగ్నల్ కోసం వీధి చివరిదాకా పరిగెత్తి ఆఫీసుకి ఫోన్ చేసేసరికే టైమ్ దాటిపోయిందట. పాపం ఇవాళే ఇల్లు మారారట, రౌటర్ సాఫ్ట్‌వేర్ దించుకోవడానికి కాస్త నెట్ ఇమ్మంటే పై ఫ్లాట్ మహాతల్లెవరో మొహాన తలుపేసిందట!"